గేర్లు లేని బండి అంటారు గానీ...

ముందే చెప్పేస్తున్నా, నేను సీఎస్‌ఈ. మెకానికల్ బ్రాంచ్ వాళ్లు ఇది చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, తప్పులు కనిపిస్తే నేరుగా నన్నే తిట్టండి. ఇంకో విషయం, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్ సీనియర్లు సరిచేశారు. అభిప్రాయం మాత్రం నాదే.

ఆ అభిప్రాయం ఏంటంటే: ఇంజనీరింగ్ చదివే ప్రతి ఒక్కరూ, ఏ బ్రాంచ్ అయినా సరే, మన ఇంట్లో ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని కనీసం ఒక్కసారి మూత తీసి చూడాలి. వీలైతే విప్పి, కడిగి, మళ్లీ బిగించాలి.

"మా ఇంట్లో కారే లేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కడి నుంచి తేవాలి?" అంటారా? స్కూటీ ఉందిగా! ఏ కంపెనీ బండైనా మా వైపు స్కూటీ అనే అంటాం. "గేర్లు లేని బండి" అని కూడా అంటాం. ఆ రెండో మాట తప్పు. దాంట్లో గేర్లు లేకపోవడం కాదు, మనం మార్చక్కర్లేకుండా అదే నిష్పత్తి మార్చుకుంటుంది. సీటు కింద ఎడమ పక్కన పొడుగ్గా ఒక మూత ఉంటుంది చూడండి, మొత్తం కథ దాని వెనకే ఉంది.

మాది కీసర. హైదరాబాద్ పక్కన కీసరగుట్ట ఉన్న కీసర కాదు, హాస్టల్లో ప్రతివాడూ ముందు అదే అడుగుతాడు. మాది పాత కృష్ణా జిల్లా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే హైవే మీద నందిగామ దాటాక మున్నేరు బ్రిడ్జి, టోల్ ప్లాజా వస్తాయే, ఆ కీసర. బస్సులో నిద్రపోతూ మీరంతా మా ఊరు దాటే ఉంటారు.

మా అమ్మ నందిగామలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తుంది. నాన్న బైకు నేర్చుకోవాలని రెండుసార్లు ప్రయత్నించింది. క్లచ్ వదలడం, గేరు వెయ్యడం, యాక్సిలేటర్ ఇవ్వడం, ఈ మూడూ ఒకేసారి కుదరక రెండోసారి చెయ్యి గీసుకుపోయాక మానేసింది. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు స్కూటీ కొన్నాం. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. అప్పటిదాకా బస్సు టైమును బట్టి ఉండే మా ఇంటి టైము ఆ తర్వాత అమ్మ టైమును బట్టి నడవడం మొదలైంది. మన ఊళ్లలో ఎంతమంది అమ్మలు, అక్కలు, టీచర్లు, నర్సులు ఆ మూత వెనక ఉన్న బెల్టు మీద ఆధారపడి ఉద్యోగాలకు వెళ్లొస్తున్నారో ఒకసారి లెక్కేసుకోండి. అందుకే ఇది నాకు హాబీ విషయంలా అనిపించదు.

పోయిన సెలవుల్లో ఇంటికెళ్తే అమ్మ అంది, "బండి అరుస్తోంది రా, కదలట్లేదు." నడిపి చూశా. నిజమే. నలభై దాకా బానే వెళ్లింది. ఆ తర్వాత యాక్సిలేటర్ ఎంత తిప్పినా ఇంజన్ గోల పెరుగుతోంది, స్పీడు పెరగట్లేదు. బయల్దేరేటప్పుడు ఒక వణుకు కూడా ఉంది.

ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాం. పేరు అనవసరం. కౌంటర్లో ఉన్నాయన మూత కూడా తీయకుండానే "సెట్టు మొత్తం మార్చాలి" అని నాలుగు వేల చిల్లర ఎస్టిమేట్ రాశాడు. ఏం పోయిందో చూపిస్తారా అని అడిగా. "చూసినా నీకు అర్థం కాదులే బాబూ" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అది ఆయన మీద మాత్రమే కాదు. ఆయన అన్నది నిజం, అందుకు. మూడు సెమిస్టర్లు ఇంజనీరింగ్ చదివా, మా అమ్మ బండిలో ఏముందో నాకు తెలీదు.

ఇంటికి తెచ్చి సెంటర్ స్టాండ్ వేశా. ఇంజన్ చల్లారాక ఎనిమిదో నంబర్ పానాతో మూత బోల్టులు విప్పా. ఏ బోల్టు ఎక్కడిదో తెలియడానికి ఒక అట్టముక్క మీద మూత బొమ్మ గీసి, వచ్చినవి వచ్చినట్టు అందులో గుచ్చా. ఈ ఒక్క ఐడియా మాత్రం నాది, గర్వంగా చెప్పుకుంటా.

లోపల ఉన్నది చూస్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. ముందు ఒక పుల్లీ, వెనక ఒక పుల్లీ, మధ్యలో వెడల్పాటి రబ్బరు బెల్టు. ఒక్కో పుల్లీ రెండు పళ్లేలు వీపు వీపు ఆనించి పెట్టినట్టు ఉంటుంది. మధ్యలో వి ఆకారం గాడి, అందులో బెల్టు. ముందు పళ్లేలు దగ్గరకొస్తే బెల్టుకి లోపల చోటు చాలక అంచు వైపు ఎక్కుతుంది. అంటే ముందు చక్రం పెద్దదైనట్టే. బెల్టు పొడవు మారదు కాబట్టి వెనక పుల్లీలో అది లోపలికి దిగుతుంది, అక్కడ చక్రం చిన్నదైనట్టు. గేరు సైకిల్లో చైను ఒక పళ్ల చక్రం మీద నుంచి ఇంకోదాని మీదకి దూకుతుంది. ఇక్కడ దూకడం లేదు, జారడమే. అందుకే మనకు గేరు మారినట్టు తెలీదు.

మరి ముందు పళ్లేల్ని దగ్గరకు తోసేది ఎవరు? ఆరు చిన్న రోలర్లు. గోలీల కంటే కొంచెం పెద్దవి, డోలు ఆకారంలో ఉంటాయి. కదిలే పళ్లెం వెనక ఏటవాలు గాళ్లలో కూర్చుంటాయి. ఇంజన్ తిరిగేకొద్దీ బయటికి విసిరేసినట్టు పోతాయి, పోతూ పళ్లేన్ని తోస్తాయి. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కితే బయటికి తోసేస్తుందే, అదే బలం. వెనక పుల్లీలో ఒక స్ప్రింగు దీనికి ఎదురు తోస్తుంటుంది. రోలర్లు గెలిస్తే హై గేరు, స్ప్రింగు గెలిస్తే లో గేరు. ఎత్తు ఎక్కేటప్పుడు లోడు పడితే వెనక పుల్లీలో ఉన్న ఏటవాలు గాడి కూడా స్ప్రింగు పక్షాన చేరి బండిని కింది గేరుకి లాగుతుంది. ఇంజన్ స్పీడు, రోడ్డు లోడు రెండూ ఇన్‌పుట్లు, గేరు నిష్పత్తి అవుట్‌పుట్. సెన్సర్ లేదు, చిప్ లేదు, ఒక్క లైను కోడ్ లేదు. ఆ బరువులు, ఆ వాలు, ఆ స్ప్రింగు, ఇవే ప్రోగ్రామ్.

ఇది కొత్త సంగతి కూడా కాదు. నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ 1958లోనే ఇలా బెల్టుతో నడిచే ఆటోమేటిక్ కారు తెచ్చింది. దానికంటే ముందు అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ వచ్చింది. అందులో బెల్టు బదులు నూనె ప్రెషర్, వాల్వులు కలిసి ఎప్పుడు గేరు మార్చాలో నిర్ణయించేవి. మన దేశంలో ఈ బెల్టు గేర్‌బాక్స్‌ని స్కూటర్‌లో ఇళ్లకు తెచ్చింది 1984లో వచ్చిన కైనెటిక్ హోండా. మధ్యతరగతి కార్లలో ఆటోమేటిక్ మాట బాగా వినబడింది 2014లో సెలేరియో వచ్చాకే. అంటే కార్ల కంటే ఎంతో ముందే మన అమ్మలు ఆటోమేటిక్ నడిపేశారు.

మా బండిలో రోగం చూడగానే దొరికింది. ఆరు రోలర్లలో నాలుగు ఒక పక్క అరిగి చదునైపోయాయి. గుండ్రంగా ఉంటేనే కదా దొర్లేది. సగం వాలు ఎక్కి అక్కడే ఆగిపోతున్నాయి. అందుకే నలభై దాటాక గేరు మారట్లేదు. బెల్టు లోపలి పళ్ల మధ్య సన్న పగుళ్లు. క్లచ్ షూలు అద్దంలా నునుపెక్కాయి, బయల్దేరేటప్పుడు వణుకు దానివల్ల. రోలర్లు, బెల్టు కొత్తవి కావాలి. షూల మందం బానే ఉంది, గరుకు కాగితంతో పైపైన రుద్దితే చాలు. అంటే "సెట్టు మొత్తం" అక్కర్లేదు. నాలుగు వేల పని వెయ్యి చిల్లరలో తేలింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి సక్సెస్ స్టోరీ. కానీ అసలు జరిగింది చెప్పకపోతే మీకు తప్పుడు సలహా ఇచ్చినవాణ్ణవుతా.

అంతా బిగించేశా. స్టార్ట్ చేశా. కదిలింది. వీధి చివరిదాకా వెళ్లొచ్చి "అయిపోయిందమ్మా" అన్నా. మర్నాడు అమ్మ పనికెళ్లింది. సాయంత్రం తిరిగొస్తుంటే ఐతవరం దగ్గర టకటకమని చప్పుడు వచ్చి బండి ఆగిపోయింది. హైవే పక్కన, చీకటి పడే వేళ, పక్కనుంచి లారీలు పోతుంటే అమ్మ అరగంట నిలబడింది. నాన్న వెళ్లి ఆటోలో వేయించి తెచ్చాడు. అమ్మ నన్ను ఏమీ అనలేదు. "నీళ్లు పెట్టు, స్నానం చేస్తా" అంది అంతే. తిట్టినా బావుండేది.

2023 జూలైలో ఇదే ఐతవరం దగ్గర మున్నేరు వరద హైవే మీదికొచ్చి బళ్లన్నీ ఆగిపోయినప్పుడు అమ్మ ఇంటికి రాలేక నందిగామలో పిన్ని వాళ్లింట్లో ఉండిపోయింది. అప్పుడు ఏరుని తిట్టుకున్నాం. ఈసారి తిట్టుకోవడానికి ఏరు లేదు, నేనే ఉన్నా.

మూత తీస్తే ముందు పుల్లీ నట్టు వదులుగా ఊగుతోంది. పళ్లెం లోపలి పళ్లు అరిగిపోయాయి. అంత గట్టిగా బిగించిన నట్టు ఎలా వదులైంది? రెండ్రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నా అర్థం కాలేదు. చివరికి మా బాబాయ్‌ని తీసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లా. "ఆటోనగర్ సూర్య" సినిమాలో చూడ్డమే తప్ప నిజంగా లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. లారీ ఛాసిస్‌లు, బస్సు బాడీలు, పెయింటు వాసన, ఎక్కడ చూసినా సుత్తి చప్పుడు. ఒక చిన్న షెడ్డులో స్కూటర్ల పని చేసే పెద్దాయన నా పళ్లేన్ని చేతిలో తిప్పి చూసి ఒకటే అడిగాడు.

"బెల్టు వెనకాల లోపలికి దింపావా?"

నేను బిక్కమొహం వేశా. ఆయన ఒక పాత ఇంజన్ మీద చేసి చూపించాడు. కొత్త బెల్టు వేసేటప్పుడు వెనక పుల్లీ పళ్లేల్ని చేత్తో విడదీసి బెల్టుని అడుగుదాకా దింపాలి. అప్పుడు ముందు పక్క బెల్టు వదులొచ్చి, పళ్లెం తన చోటికి పూర్తిగా వెళ్తుంది. అలా దింపకపోతే ముందు రెండు పళ్లేల మధ్య బెల్టు ఇరుక్కుంటుంది. "నువ్వు నట్టు బెల్టు మీద బిగించావు, ఇనుము మీద కాదు. బండి నాలుగు మైళ్లు పోయేసరికి బెల్టు సర్దుకుంది, నట్టు వదిలేసింది" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. పళ్లెం పళ్లు మాత్రమే పోయాయి కాబట్టి బతికిపోయావు, క్రాంకు పళ్లు పోయి ఉంటే ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చేది అని.

ఆయన టార్క్ అనలేదు, సెంట్రిఫ్యూగల్ అనలేదు. లాగుడు, విసురు, పట్టు, సర్దుకోవడం అన్నాడు. నేను ఫిజిక్స్‌లో తొంభై మార్కులు తెచ్చుకున్న విషయాన్ని ఆయన ఐదు నిమిషాల్లో తెలుగులో అర్థమయ్యేలా చెప్పాడు. నాకు ఆ మాటలు రావు, ఆయనకు నా మాటలు అక్కర్లేదు. మన తెలుగు క్లబ్‌లో పద్యాలు, కథలు ఉండాల్సిందే. వాటితో పాటు ఈ తెలుగు కూడా ఉంటే బావుంటుందని నాకు అక్కడే అనిపించింది.

కొత్త పళ్లెం కొన్నా. రోలర్లు అడిగితే కౌంటర్ కుర్రాడు "కంపెనీ బరువా, తేలికవా తమ్ముడూ?" అన్నాడు. నాలో కోతి నిద్ర లేచింది. రెండూ కొన్నా. అమ్మకి చెప్పకుండా తేలికవి బిగించా. అవి బరువులో పదో వంతు తక్కువ. లెక్క సులువే. రోలర్ తోపుడు బరువుతోనూ, తిరిగే వేగం వర్గంతోనూ పెరుగుతుంది. బరువు 10 శాతం తగ్గితే అదే తోపుడు రావడానికి ఇంజన్ దాదాపు 5 శాతం ఎక్కువ తిరగాలి. అంటే బండి లో గేరులో ఎక్కువసేపు ఉంటుంది. పికప్ అదిరిపోతుంది. నిజంగానే అదిరింది! ఈసారి బెల్టు అడుగుదాకా దింపా, నట్టు టార్క్ రెంచితో బిగించా, మూడు రోజులు నేనే తిప్పా. ఆ తర్వాతే అమ్మకి ఇచ్చా.

వారం తర్వాత అడిగా, బండి ఎలా ఉందమ్మా అని.

"బానే ఉంది గానీ ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు అరుస్తోంది. పెట్రోలు కూడా శనివారం దాకా రాలేదు. నాకు ఎవర్నీ దాటెయ్యక్కర్లేదు రా, సాయంత్రం ఇంటికొస్తే చాలు."

ఆ ఆదివారం కంపెనీ బరువు రోలర్లు మళ్లీ వేసేశా. మాడిఫికేషన్ తప్పని నేను అనను. మీ బండి, మీ డబ్బు, మీ సరదా అయితే చేసుకోండి. కంపెనీ పెట్టిన బరువు అందరికీ సరిపడేలా ఒక సగటు లెక్క, మీ అవసరం వేరే ఉండొచ్చు. కానీ బండి ఎవరిది, ఏ పనికి, పెట్రోలు డబ్బులు ఎవరివి అని ముందు అడగాలి. నేను యూజర్‌ని అడగకుండా ఫీచర్ మార్చేశా. మనం యాప్స్ మీద రోజూ తిట్టుకునేది సరిగ్గా దీన్నే కదా.

ఇప్పుడు మీ అభ్యంతరాలకు వస్తా. హాస్టల్లో ఇప్పటికే విన్నవే.

ఒకటి, "ఇవన్నీ మెకానిక్ పని, మనకెందుకు?" మెకానిక్ పని తీసేసుకోమని నేను చెప్పట్లేదు. నా బండిని చివరికి నిలబెట్టింది ఆయనే. కానీ లోపల ఏముందో తెలిసినవాడికే మంచి మెకానిక్‌కీ, మూత తీయకుండా బిల్లు రాసేవాడికీ తేడా తెలుస్తుంది. తెలిసినవాడే మంచి మెకానిక్‌కి బేరం ఆడకుండా డబ్బులిస్తాడు.

రెండు, "ప్రమాదం." ఇది నిజమైన అభ్యంతరం. మా అమ్మ రోడ్డు మీద నిలబడింది. అందుకే నా షరతులు కూడా చెప్తున్నా. వారంటీ ఉన్న బండి జోలికి పోవద్దు. సర్వీస్ మాన్యువల్ లేకుండా మొదలుపెట్టొద్దు. నట్లు ఎంత బిగించాలో అందులో అంకె ఉంటుంది, చేతి అంచనా పనికిరాదు. మూత తీసి ఇంజన్ ఆన్ చేసి వేళ్లు దగ్గర పెట్టొద్దు. క్లచ్ దుమ్ము నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. బెల్టుకి గ్రీజు తగలనివ్వొద్దు. వెనక పుల్లీ స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది, దాన్ని సాధనం లేకుండా విప్పితే మొహానికి తగులుతుంది. నేను దాని జోలికి పోలేదు. మొదటిసారి తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. బిగించాక కనీసం రెండ్రోజులు మీరే నడపాలి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లకు ఇవ్వాలి. ఈ చివరిది నేను పాటించలేదు.

మూడు, "ఈవీలు వచ్చేస్తున్నాయి, ఇంకా బెల్టులు, రోలర్లు ఎందుకు?" సీఎస్‌ఈ వాళ్లందరూ వేసే ప్రశ్న ఇదే, నాకు బాగా నచ్చినదీ ఇదే. నిజమే, ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఈ రోలర్లు ఉండవు. పికప్ ఎంత ఉండాలి, ఎంత దూరం రావాలి అన్నది కంట్రోలర్‌లో కోడ్ నిర్ణయిస్తుంది. నేను గ్రాముల్లో మార్చినదాన్ని అక్కడ ఒక వేరియబుల్‌లో మారుస్తారు. కానీ ఆ వేరియబుల్ ఎవరి చేతిలో ఉంటుంది? పానాతో మూత తీయొచ్చు, లాక్ చేసిన ఫర్మ్‌వేర్‌ని ఐతవరం మెకానిక్ ఏం చేస్తాడు? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలూ ఆ జాబితాలో ఉన్నాయి. రేపు ఆ కోడ్ రాసేది మనలోనే ఎవరో ఒకరు. ఒకసారి చేతులకు మసి అంటించుకున్నవాడు రాసే కోడ్‌లో, రిపేరుకి వచ్చేవాడికి కాస్త దారి ఉంటుందని నా నమ్మకం. ఈ నమ్మకం తప్పు కావచ్చు, వాదించండి.

చివరగా ఒక ప్రపోజల్. మన కాలేజీ వర్క్‌షాప్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, ఒక పాత స్కూటర్ ఇంజన్, ఒక మెకానిక్ అన్న లేదా బాబాయ్. ఆయన తెలుగులో చెప్తాడు, మనం విప్పుతాం. ఆయనకు గెస్ట్ లెక్చర్‌కి ఇచ్చే గౌరవం, డబ్బులు రెండూ ఇవ్వాలి. ఆయన వాడే మాటలు రాసుకుని వచ్చే సంచికలో వేద్దాం. మెకానికల్ వాళ్లు సహకరిస్తే సంతోషం, నవ్వినా పర్లేదు.

బండి ఇప్పుడు బానే నడుస్తోంది. నిన్న ఫోన్ చేస్తే అమ్మ ముందు బండి సంగతే చెప్పింది. "ఈ మధ్య అరవట్లేదు రా" అని. పాత రోలర్లు నాలుగు నా టేబుల్ మీదే ఉన్నాయి. ఒక పక్క చదునుగా అరిగినవి. చూడాలనుకుంటే రూముకి రండి.